అల్పమూల్యపు లాప్‌టాపుల ప్రకటనభాష - తెర నాణ్యత: ఒక చారిత్రక పరిశీలనము

విక్రయపత్రమును సాహిత్యముగా నెవరును పరిగణింపరు. అయినను అదియు నొక వాఙ్మయమే. దానికి కర్త కలడు, పాఠకుడు కలడు, పారిభాషిక పదజాలము కలదు; చెప్పదలచినదానిని చెప్పు పద్ధతియు, చెప్పనొల్లనిదానిని దాటవేయు పద్ధతియు కలవు. తక్కువ వెలకు లభించు లాప్‌టాపుల తెరలను గూర్చి 2007 మొదలు నేటివఱకు వెలువడిన ప్రకటనల భాష యెట్లు మాఱినదో, ఆ మార్పు వెనుక వస్తువునందు వచ్చిన మార్పెంతయో పరిశీలించుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము. విద్యార్థుల చదువు చాలవఱకు ఈ తెరలమీదికి వచ్చినది కావున ఇది కేవలము వాణిజ్యవిషయము కాదు.

1. పూర్వరంగము

తెర కొలతను గూర్చిన వివాదము లాప్‌టాపుతో పుట్టినది కాదు. తొలినాటి టెలివిజన్లలో పిక్చర్ ట్యూబు అంచులు కొంతమేర పెట్టె చట్రమువెనుక మఱుగుపడుచుండెను. విక్రేతలు మాత్రము ట్యూబు మొత్తము కొలతను చెప్పుచుండిరి. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1966లో ఒక నియమము చేసి, ప్రకటించు కొలత కంటికి గనబడు చిత్రభాగమునకు సంబంధించినదై యుండవలెనని శాసించెను. ఆ నియమము 2018లో రద్దయినది. కంప్యూటర్ మానిటర్ల విషయమున నిదే చిక్కు 1990 తరువాత తలయెత్తగా కాలిఫోర్నియాలో వ్యాజ్యములు నడచెను. పిమ్మట 'కనబడు భాగము' ఇంతయని వేఱుగా ముద్రించుట వాడుకయైనది. కొలబద్దతో కొలువదగినది కావుననే ఈ లోపము విచారణకు నిలిచినదని గమనింపవలెను. తరువాతి కాలపు లోపములు ఇంత సులభముగా కొలతకు లొంగునవి కావు.

2. 2007: రెండు మార్గములు

2007లో అల్పమూల్యపు లాప్‌టాపులు రెండు వెలువడినవి. తైవాన్‌కు చెందిన ఆసుస్ సంస్థ 'ఈ పి.సి. 701'ను విడుదల చేసెను. దాని తెర 7 అంగుళములు. అడ్డముగా 800, నిలువుగా 480 చుక్కలు. ఆనాటి వెబ్ పుటలు పెక్కు 1024 చుక్కల వెడల్పునుద్దేశించి కూర్పబడుచుండుటచే, పుటను ప్రక్కకు జరుపుకొనుచు చదువవలసివచ్చెడిది. నేర్చుట, పనిచేయుట, ఆడుట - ఈ మూడును సులభమని చెప్పు మూడు ఆంగ్లపదముల మొదటి యక్షరములే దాని పేరిలోని మూడు 'ఈ'లు. చదువుట సులభమను మాట అందులో లేదు.

అదే సంవత్సరము నవంబరులో 'వన్ లాప్‌టాప్ పర్ చైల్డ్' సంస్థవారు బడిపిల్లలకై ఉద్దేశించిన ఎక్స్.ఓ. యంత్రము భారీ యుత్పత్తికి వచ్చెను. మేరీ లూ జెప్సన్ రూపకల్పనచేసిన దాని తెర 7.5 అంగుళములే యైనను అందు 1200×900 చుక్కలు గలవు. వెనుకదీపము నార్పి, ఎండలో నలుపుతెలుపులుగా చదువుకొను వీలును అందు గలదు. నూఱు డాలర్ల యంత్రమని ప్రచారము పొందినను, ఉత్పత్తినాటికి దాని వెల 188 డాలర్లయ్యెను. ఆ ప్రయత్నము ఆశించిన వెలకు చేరలేకపోయినమాట నిజము. కాని తెరను ప్రధానముగా నుంచుకొని తక్కినవానిని తగ్గించుట సాధ్యమని అది ఋజువుచేసినది. విపణి మాత్రము మొదటి మార్గమునే యనుసరించినది.

3. 'హెచ్.డి.' అను పేరు

2008-2009 ప్రాంతమున లాప్‌టాపు తెరల ఆకృతి మాఱినది. అంతకుముందు వ్యాప్తియందున్నది 16:10 నిష్పత్తి. సామాన్యపు తెరలో 1280×800 చుక్కలుండెడివి. టెలివిజన్‌కు చెందిన 16:9 నిష్పత్తికి మాఱుటచే గాజుపలకలను ఎక్కువ లాభసాటిగా కోయుటకు ఉత్పత్తిదారులకు వీలు కలిగెను. అప్పుడు 1366×768 వచ్చెను. ఇది పాత 1024×768 తెరను అడ్డముగా సాగదీయగా ఏర్పడిన సంఖ్య. టెలివిజన్ రంగమున 720 వరుసలు దాటినది 'హెచ్.డి.' అనిపించుకొనును గనుక ఈ తెరకును ఆ పేరు చెల్లినది.

ఇచ్చటి విశేషమేమన, పేరు పెరిగినది, వరుసలు తగ్గినవి. 800 వరుసల పాతతెరకు ఏ బిరుదును లేదు. 768 వరుసల క్రొత్తతెరకు 'ఉన్నతస్పష్టత' యను బిరుదు లభించెను. చలనచిత్రము చూచువానికి వెడల్పు లాభమే. పుట చదువువానికి ఎత్తు ముఖ్యము. స్టాట్‌కౌంటర్ సంస్థ లెక్కలనుబట్టి 2012లో ఈ పరిమాణమే లోకమున అత్యధిక వ్యాప్తి గలదయ్యెను.

దీనికి వెలయే కారణమను సమాధానము కలదు. దానిని కొంత విచారింపవలెను. 2014 ఫిబ్రవరిలో మన దేశమున 12,499 రూపాయలు మొదలుకొని అమ్మబడిన మోటో జి ఫోనులో 4.5 అంగుళముల తెరపై 1280×720, అనగా 9,21,600 చుక్కలు గలవు. 15.6 అంగుళముల 'హెచ్.డి.' లాప్‌టాపు తెరపై నున్నవి 10,49,088. పెద్దతెరకు గాజు, వెనుకదీపము, విద్యుత్తు ఎక్కువ పట్టునన్నది సత్యమే. ఈ పోలికను పూర్తిగా సమానమని చెప్పరాదు. అయినను చవుకఫోను కొనువాడు తెరను చూచి కొనుచుండగా, చవుక లాప్‌టాపు కొనువాడు ప్రాసెసరు పేరును, మెమరీ సంఖ్యను చూచి కొనుచుండెనని దీనివలన ఊహింపవచ్చును. అడుగనిదానిని మెఱుగుపఱచుటకు విక్రేతకు ప్రేరణ యుండదు.

4. రంగులు, కోణములు, దీపములు

ఇటీవలి కాలమున 1920×1080 చుక్కల 'ఫుల్ హెచ్.డి.' తెర చవుక లాప్‌టాపులలో సామాన్యమైనది. ఇంతటితో లోపము తీఱలేదు, వేఱొకచోటికి తరలినది.

మొదటిది రంగు. ఒక్కొక్క ప్రాథమికవర్ణమునకు 6 బిట్లు మాత్రమే గల తెర చూపగలిగిన రంగులు 2,62,144. చుక్కలను వేగముగా మార్చి, మధ్యవర్ణములున్నట్లు కంటికి భ్రమ గల్పించుటచే ఈ సంఖ్య కోటి అఱువది లక్షలు దాటినట్లు ప్రకటింపబడును. ఇట్టి తెరలకు 'మిలియన్ల రంగులు' అను మాట చెల్లదని 2007లో ఆపిల్ సంస్థపై కాలిఫోర్నియాలో దావా పడినది. కావున ఇట్టి ప్రకటన చవుకయంత్రములకే పరిమితము కాదు. నేటి చవుకతెరల వివరపత్రములలో '45 శాతము ఎన్.టి.ఎస్.సి.' అని యుండును. ఎన్.టి.ఎస్.సి. యనునది 1953 నాటి అమెరికన్ టెలివిజన్ ప్రమాణము. ఇప్పటి సామాన్యప్రమాణమగు ఎస్.ఆర్.జి.బి. విస్తృతి అందు 72 శాతము. ఈ రెండవ సంఖ్య తెలియనివానికి మొదటిది వట్టి యంకెయే. తెలిసినవానికి, ఎఱుపు ఇటుకరంగుగా కనబడునని అర్థమగును.

రెండవది కోణము. 1970లో స్విట్జర్లాండున షాట్, హెల్‌ఫ్రిష్ అనువారు కనుగొనిన టి.ఎన్. పద్ధతి తెరలు చవుక. ప్రక్కనుండి చూచిన రంగులు మాఱును, క్రిందినుండి చూచిన చీకటియగును. అయినను వీని 'వీక్షణకోణము' 160 డిగ్రీలని ముద్రించుట గలదు. వెలుగునలుపుల నిష్పత్తి 10:1కి పడిపోవువఱకు గల కోణమును లెక్కించుటయే ఇందలి యుక్తి. సంఖ్య అసత్యము కాదు. పాఠకుడు గ్రహించు అర్థము మాత్రము అసత్యము.

మూడవది దీపము. 'ఎల్.ఇ.డి. తెర' యనునప్పుడు ఎల్.ఇ.డి. వెనుకనున్న దీపమేగాని తెర కాదు. ఆలంకారికులు 'గంగలో గొల్లపల్లె' యను వాక్యమున లక్షణను చెప్పిరి. అచ్చట ముఖ్యార్థబాధ శ్రోతకు స్ఫురించును గావున దోషము లేదు. ఇచ్చట బాధ స్ఫురింపదు. కొనువాడు వాచ్యార్థమునే గ్రహించును. విక్రయభాషకు బలమంతయు నిందే యున్నది.

5. తెలుగు లిపికి గలుగు చిక్కు

మన లిపిలో గుణింతపు గుర్తులు పైకిని, ఒత్తులు క్రిందికిని విస్తరించును. కావున ఒక పంక్తికి ఆంగ్లపంక్తికంటె ఎక్కువ ఎత్తు కావలెను. 800నుండి 768కి తగ్గిన 32 వరుసలు ఇంచుమించు ఒక తెలుగు పంక్తి పట్టు చోటు. మఱియు ద-ధ, డ-ఢ, ప-ఫలకు భేదము క్రిందనుండు చిన్నగీతయే. అంగుళమునకు నూఱు చుక్కలు గల తెరపై చిన్న యక్షరములలో ఆ గీత అక్షరపు టొడలిలో కలిసిపోవును. తాళపత్రప్రతుల ఛాయాచిత్రములను పరిశీలించు విద్యార్థికి నలుపునకును ముదురుగోధుమకును గల భేదము పాఠనిర్ణయమునకే యాధారము. తక్కువ రంగుల తెరపై అది చెడును. లిఖితప్రతి దోషమని తలచునది తెరదోషము కావచ్చును.

6. ఉపసంహారము

పై పరిశీలనమువలన మూడంశములు తేలుచున్నవి. ఒక లోపము సంఖ్యగా అందఱికి తెలిసినంతనే ఉత్పత్తిదారులు దానిని సవరింతురు. పొదుపు మాత్రము ఇంకను పేరు పడని గుణముమీద పడును. ప్రకటనలందు అబద్ధము తక్కువ. నిజమును అర్థముగాని కొలతలో చెప్పుట యెక్కువ. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము ముఖ్యసమాచారమును బుద్ధిపూర్వకముగా దాచుటను తప్పుదారి పట్టించు ప్రకటనగా నెంచినది. చిన్నయక్షరములలో ముద్రించినది దాచినట్లగునా యన్నది వివాదాస్పదము.

చట్టము తేల్చువఱకు వేచియుండ నక్కఱలేదు. కళాశాలలు, గ్రంథాలయములు లాప్‌టాపులకై టెండర్లు పిలుచునప్పుడు '15.6 అంగుళములు, ఫుల్ హెచ్.డి.' అని మాత్రమే వ్రాయక, తెరజాతి, ఎస్.ఆర్.జి.బి. శాతము, వెలుగు నిట్లలో ఎంతయో అడుగవలెను. ఈ మూడు పదములు కొనువారి భాషలోనికి వచ్చిననాడు అమ్మువారి భాష మాఱక తప్పదు.