కోనసీమ బహిరంగ భూ దత్తాంశాలు

కోనసీమ బహిరంగ భూ దత్తాంశాలు గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల నడుమ ఉన్న అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నేల, నీరు, తీరాల గురించి ఎవరైనా ఉచితంగా వాడుకోగల శాస్త్రీయ సమాచార సముదాయాలు. 1972లో మొదలైన ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలను అమెరికా 2008లో ఉచితం చేసింది. ఇస్రో 2009 ఆగస్టు 12న భువన్ భూచిత్రాల పోర్టల్‌ను ప్రారంభించింది. ప్రభుత్వ శాఖల సమాచార విడుదలకు కేంద్రం 2012లో జాతీయ విధానాన్ని ప్రకటించింది. ఐరోపా సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల గరిష్ఠ స్పష్టత 10 మీటర్లు. వరుస సంవత్సరాల చిత్రాలను పోల్చి తీరపు కోతను, మడ అడవుల విస్తీర్ణాన్ని లెక్కిస్తారు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక సేకరించిన ఎత్తుల దత్తాంశానికి వాడిన 5.6 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల రాడార్ తరంగాలు దట్టమైన కొబ్బరి తోటల్లో నేలను పూర్తిగా చేరవు. అందువల్ల నేలమట్టం అసలుకంటే ఎక్కువగా నమోదవుతుంది. పల్లపు డెల్టాలో ముంపు అంచనాకు ముందు ఈ దోషాన్ని సవరించాలి.