ఆలస్యంగా బయటపడే విషం

1930 ఫిబ్రవరిలో అమెరికాలోని ఓక్లహోమా సిటీ డాక్టర్ల దగ్గరికి ఒకే తీరు రోగులు వరసగా రాసాగారు. పిక్కల్లో నొప్పి, అరికాళ్లలో తిమ్మిరి, ఆ తర్వాత పాదాలు పైకి లేవకుండా వేలాడిపోవడం. విచారిస్తే, అంతకు రెండు మూడు వారాల ముందు అందరూ జమైకా జింజర్ తాగినవాళ్లే. పేరుకది అజీర్తికి వాడే అల్లం సారం. మద్యనిషేధం ఉన్న ఆ రోజుల్లో మందు పేరుతో పేదవాడికి దొరికే సారా. ఎవరూ ఊరికే తాగలేనంత ఘాటుగా ఉండాలని అందులో అల్లం పాలు ఇంత ఉండాలన్న నియమం ఉండేది. అధికారులు ఆల్కహాల్‌ను ఆవిరి చేసి, అడుగున మిగిలినదాన్ని తూచేవారు. బోస్టన్ వ్యాపారులిద్దరు అల్లం తగ్గించి, ఆ తూకం నిలబెట్టడానికి ట్రైఆర్థోక్రెసైల్ ఫాస్ఫేట్ కలిపారు. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి వాడే రసాయనం అది. సులువుగా ఆవిరి కాదు, రంగూ వాసనా పట్టివ్వవు, పైగా హాని లేనిదన్న పేరుంది. తాగినవాళ్లెవరూ ఆ రాత్రి కుప్పకూలలేదు కాబట్టి ఆ పేరును శంకించే అవసరమూ ఎవరికీ కనబడలేదు. అలా కాళ్లు చచ్చుబడినవారు కొన్ని పదుల వేలమంది. వ్యాపారులకు పడింది రెండేళ్ల శిక్ష, అదీ అమలు నిలిపివేతతో.

ఆ రసాయనం ఆర్గానోఫాస్ఫేట్ల కుటుంబానికి చెందింది. ఆర్గానోఫాస్ఫేట్ల చరిత్రలో ఆ తర్వాత జరిగిన పొరపాట్లు చాలావరకు ఇక్కడి పొరపాటే వేషం మార్చుకుని వచ్చినవని నా అభిప్రాయం. ఈ రసాయన కుటుంబానికి రెండు వేర్వేరు గుణాలున్నాయి. ఒకటి వెంటనే ప్రాణం తీయగలగడం, రెండోది వారాల తర్వాత నరాలను చంపడం. ఒకదాన్ని కొలిచి రెండోదీ తెలిసిపోయిందనుకున్న ప్రతిసారీ మనుషులు మూల్యం చెల్లించారు. నిజానికి 1899లోనే ఫ్రాన్స్‌లో క్షయరోగులకిచ్చిన ఫాస్ఫోక్రియోసోట్ అనే మందు కొందరి కాళ్లను ఇలాగే పడగొట్టింది. ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. 1930లో అమెరికా ప్రజారోగ్య విభాగానికి చెందిన మారిస్ స్మిత్, రసాయనవేత్త ఎలియాస్ ఎల్వోవ్‌తో కలిసి కల్తీని పట్టుకున్నాడు. ఆయన ప్రయోగాల్లో కోతులూ కుక్కలూ నోటి ద్వారా ఇచ్చిన ఈ విషాన్ని తట్టుకున్నాయి, కోళ్ల కాళ్లు మాత్రం మనుషుల కాళ్లలాగే పడిపోయాయి. శరీర నిర్మాణంలో మనకు దగ్గరైన జంతువు ఈ విషయంలో దగ్గర కాదని తేలింది. కోడిపై పరీక్ష ఎలా నమ్మదగినదని అడిగేవారికి జవాబు ఇదే. కోడిని ఎంచుకున్నది చౌకదనం కోసం కాదు, మనిషికొచ్చే జబ్బును అది అచ్చంగా చూపించినందుకు.

1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ పురుగుమందుల కోసం వెతుకుతూ టాబున్‌ను తయారు చేశాక చూపంతా మొదటి గుణం మీదకు మళ్లింది. నరం నుంచి కండరానికి సందేశం మోసే ఎసిటైల్‌కొలిన్‌ను ఎప్పటికప్పుడు విరగ్గొట్టే ఎంజైమ్ ఎసిటైల్‌కొలినెస్టరేజ్. ఆర్గానోఫాస్ఫేట్ దానికి అతుక్కుంటే సందేశం ఆగదు. చొంగ, చెమట, కండరాల వణుకు, చివరికి ఊపిరాడక చావు. ఈ వివరణ ఎంత స్పష్టంగా ఉందంటే, తర్వాత వచ్చే పక్షవాతాన్నీ దీని కిందే జమ కట్టాలని చూశారు. దానికి అడ్డుపడింది మిపాఫాక్స్. 1951లో ఇంగ్లండ్‌లో ఈ కొత్త పురుగుమందును తయారుచేస్తూ విషప్రభావానికి లోనైనవారిలో ఇద్దరు తొలిదెబ్బ నుంచి కోలుకున్నారు. వారాల తర్వాత వాళ్ల కాళ్లు పడిపోయాయి. మరోవైపు పారాథయాన్ వంటివి కొలినెస్టరేజ్‌ను గట్టిగా అణచినా కోళ్లలో ఈ జబ్బు తేలేదు. అంటే దోషి వేరే ఎక్కడో ఉన్నట్టు. రక్తంలోని మరో కొలినెస్టరేజ్‌ను అనుమానించారు, అదీ నిలవలేదు. నరంపై కొవ్వుపొర కరగడమే అసలు జబ్బన్న నమ్మకాన్ని 1950లలో కావనా అనే పరిశోధకుడు సూక్ష్మదర్శిని కింద తోసిపుచ్చాడు. ముందు పాడయ్యేది నరతంతువే. అందులోనూ అన్నింటికన్నా పొడవైనవి, వాటి చిట్టచివరన. జబ్బు పాదాల్లో మొదలై తర్వాత చేతులకు పాకడానికి కారణమదే.

అసలు దోషిని పట్టిన పద్ధతి ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పదిగా తోస్తుంది. బ్రిటన్‌లోని కార్షాల్టన్ పరిశోధనశాలలో మార్టిన్ జాన్సన్ కోడి మెదడులోని ఎస్టరేజ్ ఎంజైములన్నిటినీ ఒక చోట పెట్టాడు. ముందు పక్షవాతం తేని పారాక్సాన్‌ను వేశాడు. దానికి లొంగినవన్నీ నిర్దోషులే. మిగిలినవాటిలో పక్షవాతం తెచ్చే మిపాఫాక్స్‌కు లొంగేదేమిటని చూశాడు. అలా జల్లెడ పట్టగా మిగిలిన కొద్దిపాటి చర్యను 1969లో ప్రకటించాడు. నేడు దాన్ని న్యూరోపతీ టార్గెట్ ఎస్టరేజ్, క్లుప్తంగా ఎన్‌టీఈ అంటారు. కోడి మెదడులో దీని పని సుమారు 70 శాతానికి మించి ఆగిపోతే రెండు వారాల్లోపు కాళ్లు పడిపోతాయి. ఆశ్చర్యం ఏమంటే, ఆపడం ఒక్కటే చాలదు. ఎంజైమ్‌లోని సెరీన్‌కు భాస్వరం అతుక్కున్నాక, దానికున్న ఒక కొమ్మ ఊడిపోయి అక్కడ రుణావేశం మిగలాలి. ఈ రెండో మెట్టును శాస్త్రవేత్తలు వార్ధక్యం అన్నారు. కొన్ని సల్ఫోనైల్ ఫ్లోరైడులు, కార్బమేట్లు ఎన్‌టీఈని ఆపుతాయి గానీ ఆ కొమ్మ ఊడదు. వాటిని ముందుగా ఇస్తే కోడి ఏ జబ్బూ పడదు, ఆ తర్వాత అసలు విషం ఇచ్చినా నిలుస్తుంది. చోటు అప్పటికే నిండిపోయింది కదా.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఉంది. 1998లో ఈ ఎంజైమ్ జన్యువు దొరికింది. దాన్ని పూర్తిగా తీసేసిన ఎలుకలు గర్భంలోనే చనిపోయాయి, మెదడులో మాత్రమే తీసేస్తే నాడీకణాలు క్షీణించాయి. 2008లో ఆ జన్యువులో లోపాలున్న మనుషుల్లో కాళ్లు బిగుసుకుని సన్నబడే వంశపారంపర్య వ్యాధి బయటపడింది. మరి పని ఆగడమే జబ్బు కాదా అని అడగవచ్చు. దానికి తోడు, రక్షించిన ఆ సల్ఫోనైల్ ఫ్లోరైడునే విషం తర్వాత ఇస్తే జబ్బు ఇంకా ముదురుతుందని 1990 ప్రాంతంలో తేలింది. ఇవేవీ కొట్టిపారేయదగ్గవి కావు. అయినా జీవితాంతం ఉండే లోటు వేరు, కొద్ది రోజుల ఆటంకం వేరు. కణపొరల్లోని కొవ్వులను సరిచూసే ఎంజైమ్‌ను కొంతకాలం ఆపితే కోడి తట్టుకుంటుందని, వార్ధక్యం పొందిన ఎంజైమ్‌ను తట్టుకోలేదని ప్రయోగం చెబుతూనే ఉంది. జన్యువుల సాక్ష్యం ఆ నరానికి ఈ ఎంజైమ్ ఎంత అవసరమో చూపిస్తుంది. రెండో మెట్టు ప్రాధాన్యాన్ని మాత్రం అది రద్దు చేయదు.

ఇంకో అభ్యంతరం వ్యావహారికమైనది. ఇప్పుడు పురుగుమందులను కోళ్లపై పరీక్షించాకే అనుమతిస్తున్నారు, ఇక ఇది గడిచిన కథ అంటారు. ఆ పరీక్షకు విలువ ఉంది. కానీ అది సీసా మీద పేరున్న మందుకే వర్తిస్తుంది. 1959లో మొరాకోలోని మెక్నెస్‌లో విమాన ఇంజిన్ నూనెను వంటనూనెలో కలిపి అమ్మితే సుమారు పదివేలమంది కాళ్లు పడిపోయాయి. 1977-78లో శ్రీలంకలో విషం కలిసిన నువ్వులనూనె, మనవైపు చిమ్మిలి పెట్టినట్టే, పెద్దమనిషైన తమిళ ఆడపిల్లలకు బలమని తాగించారు. 1988లో కోల్‌కతా బెహాలాలో రేప్‌సీడ్ నూనె వందలమందిని పడగొట్టింది. ఈ మూడుచోట్లా దోషి ఆ పాత క్రెసైల్ ఫాస్ఫేట్ల జాతే.

పురుగుమందుల్లోనూ జబ్బు పోలేదు. వైద్యం మెరుగైనకొద్దీ అది బయటపడే అవకాశమే పెరిగింది. 1997 నుంచి 2002 వరకు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పురుగుమందుల విషంతో చేరినవారు 8 వేలకు పైనే. ఇలాంటివారిని అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ అనే విరుగుడు మందులు కాపాడగలవు, ఆలస్యపు దెబ్బను మాత్రం ఆపలేవు. క్లోర్‌పైరిఫాస్ లాంటి మందు నరాలను చంపాలంటే ప్రాణం తీసే మోతాదుకు మించి ఒంట్లోకి పోవాలి. కనుక ఆ జబ్బు వచ్చేది చావు తప్పించుకున్నవాడికే. ఇటలీ వైద్యులు 1986లో ప్రచురించిన ఒక కేసులో, క్లోర్‌పైరిఫాస్ తాగి బతికిన మనిషి రక్తంలోని లింఫోసైట్లలో ఎన్‌టీఈ నెల తర్వాత కూడా 60 శాతం అణిగి ఉంది. కాళ్లు బాగానే ఉన్నా జబ్బు రాబోతోందని వాళ్లు ముందే చెప్పారు. 43వ రోజున వచ్చింది. ఆ పరీక్ష అన్ని ఆసుపత్రులకూ సాధ్యం కాకపోవచ్చు. ఇంటికి పంపిన రోగిని మూడో వారంలోనూ ఆరో వారంలోనూ పిలిపించి, మడమల మీద నడిపించి చూడటం ఏ తాలూకా ఆసుపత్రికైనా సాధ్యమే.