రుజువు భారం ఎవరి మీద? విషరసాయనాల బారిన పడిన అమెరికా మాజీ సైనికుల చట్టాలు: ఒక పరిశీలన

తుపాకి గుండు తగిలిన సైనికుడికి పింఛను ఇవ్వడంలో పెద్ద చిక్కు ఉండదు. గాయం కంటికి కనిపిస్తుంది. తగిలిన రోజు, చోటు రికార్డుకెక్కి ఉంటాయి. విషరసాయనం సంగతి వేరు. ఇరవయ్యో ఏట పీల్చినది యాభయ్యో ఏట క్యాన్సరై బయటపడవచ్చు. ఈలోగా అతను ఎన్నో ఊళ్లు తిరిగి ఉంటాడు, సిగరెట్లు కాల్చి ఉంటాడు, ఫ్యాక్టరీలో పనిచేసి ఉంటాడు. ఈ జబ్బు సైన్యంలో పనిచేయడం వల్లే వచ్చిందని రుజువు చేయమంటే ఏం చూపించగలడు? ఏ రసాయనం, ఎక్కడ, ఎంత వాడారో చెప్పే కాగితాలు ఎక్కడైనా ఉంటే సైన్యం దగ్గరే ఉంటాయి. అక్కడా భద్రంగా ఉంటాయన్న నమ్మకం లేదు. 1973 జులైలో సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రంలో మంటలు చెలరేగి 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల దాకా ఫైళ్లు బూడిదయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం 1960కి ముందు ఆర్మీ నుంచి బయటికొచ్చినవారివి. తొలి అణుపరీక్షలను దగ్గర నుంచి చూసిన సైనికులు ఆ తరంవారే.

అమెరికాలో ఈ విషయమై దశాబ్దాలుగా సాగిన పోరాటం పైకి వైద్యం కోసం, పింఛను కోసం జరిగినట్టు కనిపిస్తుంది. అసలు పేచీ మాత్రం రుజువు భారం ఎవరు మోయాలన్నదే. ఈ వ్యాసం ఆ కోణం నుంచి చూస్తుంది.

1962 నుంచి 1971 వరకు వియత్నాం అడవుల మీద, పొలాల మీద అమెరికా విమానాలు దాదాపు 2 కోట్ల గాలన్ల కలుపు మందులు చల్లాయి. అందులో సింహభాగం ఏజెంట్ ఆరెంజ్. దాని తయారీలో డయాక్సిన్ అనే విషపదార్థం అనుకోకుండా కలిసింది. తిరిగొచ్చిన సైనికులు ప్రభుత్వం మీద దావా వేయలేకపోయారు. సర్వీసులో కలిగిన హానికి ప్రభుత్వాన్ని కోర్టుకీడ్చే వీల్లేదని సుప్రీంకోర్టు 1950లోనే ఫెరెస్ కేసులో తేల్చేసింది. దాంతో వాళ్లు రసాయన కంపెనీల మీద పడ్డారు. 1984లో విచారణ మొదలయ్యే వేళకు 18 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అంతమంది బాధితులకు పంచితే ఒక్కొక్కరికి ముట్టింది స్వల్పమే.

ప్రభుత్వపరంగా అదే ఏడు పార్లమెంటు ఒక చట్టం చేసింది. మాజీ సైనికుల శాఖ మాత్రం దాన్ని బిగించి చదివింది. రసాయనమే జబ్బుకు కారణమని తేలితే తప్ప ఒప్పుకోనంటూ, ఒక చర్మవ్యాధిని మినహాయించి మిగతా జబ్బులన్నిటినీ తోసిపుచ్చింది. 1989లో నెహ్మర్ కేసులో కోర్టు ఈ నిబంధనను కొట్టేసింది. కార్యకారణ రుజువు అడగడం చట్టం ఉద్దేశం కాదనీ, సంబంధం ఉన్నట్టు ఆధారాలుంటే చాలనీ చెప్పింది.

1991 నాటి ఏజెంట్ ఆరెంజ్ చట్టం ఈ తీర్పు వేసిన బాటలోనే నడిచింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికీ ఇరుసు ఇదే. నిర్ణీత కాలంలో వియత్నాంలో పనిచేసినవారందరూ రసాయనానికి గురయ్యారనే చట్టం భావిస్తుంది. జాబితాలోని జబ్బు వస్తే అది సర్వీసు వల్లే వచ్చినట్టు లెక్క. లాయర్లు ప్రిజంప్షన్ అనేది దీన్నే. జాబితాలో ఏవి చేరాలో చూడటానికి శాస్త్రవేత్తల సంఘం అధ్యయనాలను ఎప్పటికప్పుడు తిరగేయాల్సి ఉండేది. సంబంధం ఉందనే సాక్ష్యం, లేదనే సాక్ష్యంతో సరిసమానంగా తూగినా చాలు, సైనికుడి వైపే మొగ్గాల్సి ఉండేది. ఈ దారిలో 2001లో టైప్ 2 మధుమేహం, 2010లో గుండె రక్తనాళాల జబ్బు జాబితాలోకి వచ్చాయి. వయసు మీద పడితే ఎవరికైనా వచ్చే రోగాలు కదా ఇవి అని విమర్శకులు అన్నారు. ఆ మాట నిజమే. ఈ పద్ధతిలో రసాయనంతో పనిలేకుండా జబ్బుపడినవారికీ కొందరికి డబ్బు అందుతుంది. ఆ లోటును భరించవచ్చు. దానికి బదులుగా అర్హులను సాక్ష్యం లేదని గుమ్మం నుంచే పంపేయడం అంతకన్నా పెద్ద లోటు.

అయితే జాబితా అన్నాక గీత ఉంటుంది, గీత అన్నాక దానికి అవతల మిగిలిపోయేవాళ్లూ ఉంటారు. వియత్నాం నేల మీద కాలు మోపనివాళ్లకు ఈ చట్టం వర్తించదని శాఖ పట్టుబట్టింది. తీరానికి దూరంగా ఓడల్లో పనిచేసిన నావికులు అలా గీతకు బయటే మిగిలిపోయారు. ఓడల్లో సముద్రపు నీటిని తాగునీటిగా మార్చే యంత్రాలు డయాక్సిన్‌ను తొలగించకపోగా దాని గాఢత పెంచగలవని 2002లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. అయినా 2008లో హాస్ కేసులో అప్పీలు కోర్టు శాఖనే సమర్థించింది. 2019లో ప్రొకోపియో కేసులో అదే కోర్టు మనసు మార్చుకుని, తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు వియత్నాం కిందికే వస్తుందంది. పార్లమెంటూ చట్టం చేసింది. అది 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చేనాటికి ఆ నావికుల్లో చాలామంది లేరు.

ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో ఇదే కథ మరో రూపంలో నడిచింది. సైనిక స్థావరాల్లో ప్లాస్టిక్కు, బ్యాటరీలు, ఆసుపత్రి చెత్త, మలం అన్నీ గోతుల్లో పోసి, విమాన ఇంధనం గుమ్మరించి తగలబెట్టారు. ఇరాక్‌లోని బలాద్ స్థావరంలో అలాంటి గొయ్యి ఎకరాల కొద్దీ ఉండేది. దీర్ఘకాలిక హాని గురించి 2011లోనూ 2020లోనూ శాస్త్రవేత్తల సంఘాలు చాలినంత ఆధారం లేదన్నాయి. ఆధారం లేకపోవడానికి ఒక కారణం, ఎవరు ఎంత పొగ పీల్చారో కొలిచినవాళ్లు లేకపోవడం. శాఖ మాత్రం ఆ లేమిని జబ్బు లేనట్టుగా చదువుకుంది. పొగ గోతుల పేరిట వచ్చిన దరఖాస్తుల్లో మూడొంతులకు పైగా తిరస్కరించింది.

2022 ఆగస్టు 10న అధ్యక్షుడు సంతకం చేసిన పాక్ట్ చట్టానికి, 2020లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించిన హీత్ రాబిన్సన్ అనే సార్జెంటు పేరు పెట్టారు. జులై చివరలో సెనేట్‌లో ఆ బిల్లు ఆగిపోతే మాజీ సైనికులు పార్లమెంటు మెట్ల మీదే రాత్రింబవళ్లు బైఠాయించారు. ఈ చట్టంతో ఇరవైకి పైగా క్యాన్సర్లు, శ్వాసకోశ వ్యాధులు పొగ గోతుల బాధితులకు వర్తించే జాబితాలోకీ, అధిక రక్తపోటు ఏజెంట్ ఆరెంజ్ జాబితాలోకీ వచ్చాయి. శాఖ వైద్యంలో నమోదైన ప్రతివారినీ కనీసం అయిదేళ్లకోసారి, ఏ విషపదార్థానికి గురయ్యారని అడిగి తెలుసుకోవాలన్నది చిన్న నిబంధనలా కనిపిస్తుంది. నిజానికి దీని విలువ ఎక్కువ. జబ్బుపడ్డాక సాక్ష్యం వెతుక్కునే బదులు, ముందే సాక్ష్యం కూడబెట్టే ఏర్పాటు ఇది.

మన దేశంలో ఈ ప్రశ్న వేరే దారిలో వచ్చింది. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, సైనికుల పింఛనుకు సంబంధించిన 1982 నిబంధనల ఆధారంగా ఇలా తేల్చింది: చేర్చుకునేటప్పుడు ఏ జబ్బూ రాసుకోకపోతే ఆ సైనికుడు ఆరోగ్యంగా చేరినట్టే. తర్వాత వచ్చిన జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదంటే, ఆ సంగతి సర్కారే చూపించాలి. ఇక్కడ రసాయనాల జాబితాతోగానీ దేశాల పటంతోగానీ పనిలేదు. ఆ నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. అమెరికా పద్ధతి కన్నా ఈ తీర్పు వెనకున్న ఆలోచన సరళమని నా అభిప్రాయం. గీత గీయకపోతే దానికి అవతల ఎవరూ మిగలరు.

మళ్లీ అమెరికా సంగతికి వస్తే, అక్కడి చట్టాలు మోసిన భారం తమ సైనికులది మాత్రమే. ఏజెంట్ ఆరెంజ్ కంపెనీల మీద వియత్నాం బాధితులు వేసిన దావాను 2005లో కొట్టేసిన న్యాయమూర్తి జాక్ వైన్‌స్టీన్. 1984 రాజీ కుదిరింది కూడా ఆయన కోర్టులోనే. తర్వాతి కాలంలో అమెరికా డబ్బుతో వియత్నాంలోని దనాంగ్ విమానాశ్రయంలో డయాక్సిన్ కలిసిన మట్టిని శుద్ధిచేసే పని 2018లో పూర్తయింది. మందు చల్లిన ప్రాంతాల్లోని వికలాంగులకు సాయం కూడా అందింది. ఆ సాయం వైకల్యానికి కారణమేదైనా సరే అన్న షరతు మీద వెళ్లింది. అందువల్ల వాళ్లు ఏమీ రుజువు చేయనక్కర్లేదు, అమెరికా ఏమీ ఒప్పుకోనక్కర్లేదు.