గని మూతపడెను, పేట నిలిచెను



మన కృష్ణపట్నము పేరులోనే దాని చరిత్ర కొంత యిమిడి యున్నది. శిల్పశాస్త్రములు జనావాసములను గ్రామము, ఖేటము, ఖర్వటము, నగరము, పత్తనము అని విభజించినవి. జలమార్గమున సరకులు దిగుచు వర్తకులు కూడెడి చోటు పత్తనము. ఆ పత్తనమే మన నోట పట్నమైనది. కృష్ణదేవరాయల పేర వెలసినదని పెద్దలు చెప్పుదురు.

ఈ తీరమున 2008 లో నూతనమైన రేవు ప్రారంభమైనది. 2025 జనవరి 8 వ తేదీన ప్రధానమంత్రి కృష్ణపట్నము పారిశ్రామిక నగరమునకు శంకుస్థాపన గావించిరి. ఆ నగరము కోట, చిల్లకూరు మండలములలో వెలయవలసి యున్నది. ఆ మండలములు గాజు పరిశ్రమకు వలయు తెల్లయిసుక త్రవ్వకములకు పేరుగన్నవి. వానికి పడమట గూడూరు, సైదాపురము ప్రాంతముల అభ్రకపు గనులున్నవి. త్రవ్వకపు నేల కానుకొని, ముందుగా రేఖలు గీచి కట్టెడి పట్టణ మేమి తెచ్చును? ఏమి కొనిపోవును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగల దృష్టాంతము మన పొరుగుననే కలదు. అదియే కోలారు బంగారు గనుల కథ.

కోలారు నేడు కర్ణాటకములోనిదైనను, మన కుప్పము సీమకు ఆనుకొని యున్నది. పల్లెపల్లెను తెలుగు వినబడు ప్రదేశము. 1802 లో జాన్ వారెన్ అను సైనికోద్యోగి అచ్చట సరిహద్దుల కొలతకై తిరుగుచు, ఉరిగాము, మారికుప్పము గ్రామములవారు మన్ను కడిగి బంగారపు రజను తీయుట చూచి వ్రాసి యుంచెను. అనగా గని విద్య దొరలు తెచ్చినది కాదు. వారికంటె ముందే గ్రామస్థు లెరిగినదే. 1875 లో లావెల్లీ అను నతడు మైసూరు ప్రభుత్వమువలన త్రవ్వుటకు హక్కు పొందెను. 1880 లో జాన్ టేలర్ కంపెనీ ప్రవేశించిన పిమ్మట గనులు నిజముగా ఫలింప నారంభించినవి.

అటుపై జనము వెల్లువవలె వచ్చిరి. 1901 జనాభా లెక్కలనాటికి ఆ గనుల ప్రాంతమున 38 వేలమందికి పైగా నుండిరి. చిత్తూరు సీమ తెలుగువారు, ఉత్తర ఆర్కాటు తమిళులు, స్థానికులైన కన్నడిగులు ఒక్కచోట చేరిరి. కూలీలు నివసించిన వరుస యిండ్లకు ‘లైన్ల’ని పేరు. అవి తడికెల గోడలతో, ఇరుకు గదులతో నుండెడివి. భూమి కంపెనీల కౌలులోనిది. పని యున్నంతకాలమే యిల్లు. పని పోయిన నాడు ఇల్లును పోవును.

ఈ యిరుకు తీర్చుటకై మైసూరు ప్రభుత్వము 20 వ శతాబ్ది ఆరంభమున గనుల చేరువనే యొక నూతన పట్టణమును రేఖలు గీచి కట్టించినది. అప్పటి బ్రిటిషు రెసిడెంటు డొనాల్డ్ రాబర్ట్‌సన్ పేర దానికి రాబర్ట్‌సన్‌పేట యని నామకరణ మైనది. తిన్నని వీధులు, వరుస తప్పని యిండ్లు, నడుమ బజారు, గాలి వెలుతురులకు చోటు: ఇదియే దాని పద్ధతి. 1902 లో శివసముద్రము వద్ద కావేరీ జలపాతమున పుట్టిన విద్యుత్తు 90 మైళ్లకు పైగా నడచి ఈ గనులను చేరినది. బెంగుళూరు వీధుల దీపములు వెలిగినది అటుపై మూడేండ్లకు గదా! పాలారు నీటిని బేతమంగళము చెరువునుండి తెచ్చి త్రాగుట కొసగిరి.

గనులు మాత్రము నానాటికి లోతైనవి. తుదకు 3 కిలోమీటర్లు దాటినవి. అచ్చటి రాతి వేడి 60 డిగ్రీలకు మించినది. ఒత్తిడిచే బండలు పేలి కార్మికులు మరణించిన దుర్ఘటన లనేకము. 1956 లో గనులు మైసూరు ప్రభుత్వపు వశమైనవి. 1962 లో కేంద్రమునకు మారినవి. 1972 లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ యేర్పడినది. నూట యిరువది యేండ్లలో సుమారు 800 టన్నుల బంగారము వెలువడినను, ఖర్చు రాబడిని మించుటచే 2001 ఫిబ్రవరి 28 వ తేదీన గనులు మూతపడినవి. మన చిత్తూరు జిల్లాలోని చిగురుగుంట గనికిని అదే గతి పట్టినది.

శ్రోతలు గమనింపవలసిన దిచ్చటనే యున్నది. లైన్లలో నివసించినవారు ఒక్క దినమున జీతమును కోల్పోయి, ఇంటిపై హక్కునకై ఏండ్ల తరబడి పోరాడవలసి వచ్చెను. పేట మాత్రము చెదరలేదు. అంగళ్లు, బడులు, వీధులు నిలిచినవి. 2011 లెక్కలలో ఆ నగరమంతయు రాబర్ట్‌సన్‌పేట పేరనే నమోదై, లక్షా 60 వేలకు పైగా జనము కలిగి యున్నది. 1964 లో నెలకొల్పిన భూమి త్రవ్వు యంత్రముల కర్మాగారము కొందరికి జీవిక కల్పించినది. అనేకులు తెల్లవారక మునుపే రైలెక్కి బెంగుళూరునకు పోయి రాత్రికి తిరిగి వచ్చుచుందురు. మరి బంగారము తీసిన పిదప పారవేసిన మట్టి కొండలై నిలిచి, గాలికి దుమ్ము రేపుచున్నది. లాభము దూరదేశములకు పోయినది. దుమ్ము ఊరికి మిగిలినది.

పెద్దలారా! నలుబది యేండ్లు పల్లెటూరి పిల్లలకు చదువు చెప్పినవాడనగుటచే నాకు తోచిన మాట విన్నవించుచున్నాను. పట్టణము వచ్చుట కీడు కాదు. ఇరుకు లైన్లకంటె తీర్చిన పేట మేలని కోలారే నిరూపించినది. కాని ఒక్క వస్తువునే నమ్మిన ఊరు ఆ వస్తువుతోనే క్షీణించును. కావున నివేశనస్థలము ఎవరి పేర నున్నదో పత్రములు నేడే సరిచూచుకొనుడు. గ్రామపు చెరువు, శ్మశానము, పశువుల బయలు, రేవునకు పోవు దారి క్రొత్త పటములో నున్నవో లేవో అడిగి తెలిసికొనుడు. త్రవ్విన గోతులను ఎవరు పూడ్తురో త్రవ్వక ముందే వ్రాయించుకొనుడు. మీ పిల్లలకు ఒక కర్మాగారపు పని మాత్రమే కాక, ఎక్కడికి పోయినను అక్కరకు వచ్చు విద్య నేర్పింపుడు.

రేఖలు గీయువారు దూరముననుండి వత్తురు. ఆ రేఖల నడుమ బ్రతుకవలసినవారు మీరు. గీయుచున్న దినముననే మీ మాట వినబడవలెను. గోడలు లేచిన పిదప చెప్పిన మాట గోడకు చెప్పినట్లే యగును.