కొండవీటి పెళ్లిలో పేరు లేని మనిషి

చిలకలూరిపేట నుంచి గుంటూరు వైపు హైవే మీద వెళ్తుంటే ఎడమ పక్కన కొండవీడు కొండలు కనిపిస్తాయి. 1515లో కృష్ణదేవరాయలు ఆ కోటను గజపతుల నుంచి గెలుచుకున్నాడు. ఆ యుద్ధం తర్వాత గజపతి కూతురితో ఆయనకు జరిగిన పెళ్లి మనకు ప్రేమకథగానే తెలుసు. 1962లో 'మహామంత్రి తిమ్మరుసు' సినిమాలోనూ ఆమెను చూశాం.

ఈ కథ మీద వచ్చిన ఒక నవలను మా డిగ్రీ పిల్లల చేత చదివించాను. చాలామంది రాకుమారి కోసం కన్నీళ్లు పెట్టుకున్నారు. శత్రువు ఇంటి పిల్లగా వచ్చి, మొగుడి ఆదరణ లేక కంభంలో ఒంటరిగా మిగిలిపోయిందన్నది 'తుక్కాపంచకం' చుట్టూ అల్లుకున్న ఐతిహ్యం. (ఆమె పేరేమిటో కూడా తేలలేదు. తుక్క అన్నారు, జగన్మోహిని అన్నారు, సినిమా అన్నపూర్ణ అంది.) ఏడవొద్దని నేననను. ఆమె కూడా యుద్ధం సొమ్మే.

అయితే ఆ పెళ్లి ఎలా కుదిరిందో పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసిపెట్టాడు. రాయలు పోయిన కొన్నేళ్లకే విజయనగరంలో ఉన్నవాడతను. రాబర్ట్ సూయెల్ 1900లో అచ్చేసిన ఇంగ్లీషు అనువాదంలో దొరుకుతుంది, చదవండి.

అతను చెప్పేది ఇది. బందీగా దొరికిన గజపతి కొడుకు కత్తిసాములో దిట్ట అని విని, ఆ విద్య చూపించమన్నాడు రాయలు. ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టారు. అతను రాజవంశం వాడు కాదని, తక్కువ పుట్టుక వాడని తెలిసి, అలాంటివాణ్ణి తాకి చేతులు మైల చేసుకోనన్నాడు రాకుమారుడు. అక్కడికక్కడే ప్రాణం తీసుకున్నాడు. కొడుకు పోయాక గజపతి, రాయల చేతికి చిక్కిన తన భార్యను ఎలా విడిపించుకోవాలని తిమ్మరుసును అడిగాడు. కూతుర్నివ్వు, భార్యా రాజ్యమూ తిరిగొస్తాయని జవాబు.

అంటే ప్రేమకథ కంటే ముందు మైల ఉంది. దాని తర్వాత బేరం ఉంది.

ఇది చదివి వినిపించాక, అంతవరకూ నోరు విప్పని ఒక అమ్మాయి అడిగింది. వాళ్లమ్మ మిర్చి కోతలకు వెళ్తుంది. "ఆ రెండో కత్తి పట్టుకున్నాయన ఏమయ్యాడు సార్?"

నూనిజ్ అతని కులం చెప్పలేదు, పేరు చెప్పలేదు, తర్వాత ఏమైందో చెప్పలేదు. రాజు పిలిస్తే కత్తి పట్టుకుని వచ్చి నిలబడ్డాడు, అంతే. ఒక రాకుమారుడు చచ్చిపోవడానికి అతని పుట్టుకే చాలింది. నా మటుకు నాకు ఈ కథలో అందరికంటే ఎక్కువ అవమానపడ్డది అతనే. రాకుమారికి ఐదు శ్లోకాలైనా మిగిలాయి.

ఇంకో సంగతి. ఈ కళింగ దండయాత్ర దారిలోనే, కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి 'ఆముక్తమాల్యద' రాయమన్నాడని రాయలే చెప్పుకున్నాడు. ఆ కావ్యంలోనే మాలదాసరి ఉన్నాడు. ఊరికి దూరంగా నిలబడి విష్ణువును పాడుకునే మనవాడు. రాయలు అతన్ని ఎంత దగ్గరికి రానిచ్చాడు, ఎక్కడ ఆపాడు అన్నది వచ్చే భాగంలో రాస్తాను.

(ఇంకా ఉంది)