లండన్ సారు, అణా స్టాంపు

కూర్చో బిడ్డా. ఆ ఫోను కాసేపు బోర్లించి పెట్టు, చాయ్ వస్తుంది. ఇప్పుడు మీరు విమానం దిగకముందే అక్కడి ముచ్చట్లన్నీ ఫొటోలతో సహా ఇంటికి చేరిపోతున్నాయి. ఇక చెప్పడానికేముంది, అడగడానికేముంది? మా చిన్నతనంలో అట్లా కాదు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అన్న మాట ముసలాళ్ళ నోట ఇంకా ఆడుతుండేది.

మా తార్నాక వీధిలో ఉస్మానియా యూనివర్సిటీ కెమిస్ట్రీ సారు ఒకాయన ఉండేవారు. 1968లో స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండు పోయారు. ఉన్నది మాంచెస్టర్‌లో, అయినా మా వీధికి ఆయన లండన్ సారే. నాంపల్లిలో బొంబాయి రైలెక్కించడానికి సగం వీధి కదిలింది. మెడలో దండలు, నుదుట బొట్టు, ఒళ్ళో ఆవకాయ జాడీ. ఓడలో పోదామంటే అంతకు ముందటేడు యుద్ధానికి సూయజ్ కాలువ మూతపడింది, ఆఫ్రికా అంతా చుట్టి పోవాలి. అందుకని బొంబాయి నుంచి విమానం. జేబులో డబ్బెంతనుకున్నావు? ఆ రోజుల్లో సర్కారు దయతో దొరికే విదేశీ మారకం 8 డాలర్లు. 1966లో రూపాయి విలువ తగ్గించాక డాలరు 7.50 అయింది కదా, అంటే 60 రూపాయలు. ఆవకాయ జాడీయే నయం, దానికి బరువన్నా ఉంది.

అసలు పరదేశం పోయిరావడమనేది ఈ యూనివర్సిటీ పుట్టుకలోనే ఉంది. 1918లో పెట్టినప్పుడు దీనికి సొంత గూడే లేదు, కొన్నేళ్ళు కిరాయి ఇళ్ళలో నడిచింది. భవనాలు ఎట్లా కట్టాలో చూసి రమ్మని జైన్ యార్ జంగ్‌నూ సయ్యద్ అలీ రజానూ నిజాం సర్కారు దేశాల మీదికి పంపింది. యూరప్, అమెరికా, జపాన్ చూశారు. ఈజిప్టులో పనిచేసిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ను కుదుర్చుకున్నారు. ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాది రాయి పడితే 1939లో తలుపులు తెరిచారు. చూసి రావడం ఒక ఎత్తు, చూసింది ఇక్కడి గులాబీ రాతిలో నిలబెట్టడం ఇంకో ఎత్తు. అదుగో, ఎటో పోయాను. కథకు కాళ్ళు లేవు, ముంతకు చెవులు లేవు అన్నారు. మన సారు దగ్గరికొద్దాం.

మరుసటేడు దసరాకు ఆయన తిరిగొచ్చారు. ఆ సాయంత్రం వాకిట్లో మంచాలు వేశారు, వీధి వీధంతా చేరింది. సారు గొంతు సవరించుకున్నారు. చంద్రుడి మీద మనిషి అడుగు పెడుతుంటే తెల్లవారుజామున టీవీలో కళ్ళారా చూసొచ్చిన మనిషి మరి! మన హైదరాబాదుకు దూరదర్శన్ 1977లో గానీ రాలేదు. ఆ ముచ్చట దాచుకుని దాచుకుని తెచ్చుకున్నారు పాపం.

ఎవరు చెప్పనిచ్చారు? "చంద్రుడి సంగతి పేపర్లో చదివాం గానీ సారూ, ఇక్కడేమైందో మీకు తెలుసా?" అంటూ అందుకున్నారు. జనవరిలో లేచిన తెలంగాణ ఉద్యమం, ఆర్ట్స్ కాలేజీ ముందు మీటింగులు, నెలల తరబడి మూతపడిన తరగతులు, కాల్పుల్లో పోయిన పిల్లలు. ఆ మాట దగ్గర వాకిలంతా కాసేపు ఊరుకుంది. మే నెలలో మన హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుసేన్ గారు రాష్ట్రపతి పదవిలో ఉండగానే పోవడం, ఆగస్టులో గిరి గారు గెలవడం. సారు చంద్రుడి కోసం మేలుకున్న రోజుకు రెండు రోజుల ముందే ఇందిరమ్మ 14 బ్యాంకులను జాతీయం చేయడం. దేశం తిరిగొచ్చిన మనిషి నోరు తెరుచుకుని వింటుంటే, ఇల్లు కదలని వాళ్ళు గంటలకొద్దీ చెప్పారు. చంద్రుడి వంతు వచ్చేసరికి పిల్లలు నిద్రపోయారు. పెద్దలు వక్క నములుతూ "అట్లనా" అన్నారు, అంతే.

ఇక ఆయన సరదాలు. బుధవారం రాత్రి ఎనిమిదికి రేడియో సిలోన్ బినాకా గీత్‌మాలా వినకపోతే సారుకు అన్నం దిగేది కాదు. లేని ఏడాదంతా ఏ పాట ఏ స్థానంలో ఉందో మరదలు నోటు బుక్కులో రాసి పెట్టింది. సారు దాన్ని పరీక్ష పేపర్లలాగే ఎర్ర పెన్సిలు పట్టుకుని చదివారు. వినని పాటలైతే ఆమే పాడి వినిపించాలి. ఆమె గొంతు గురించి నేను చెప్పను, ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటుంది. సారు ఓ ట్రాన్సిస్టర్ తెచ్చుకున్నారు గానీ, దానికి పోస్టాఫీసులో ఏడాదికి 15 రూపాయలు కట్టి లైసెన్సు తీసుకోవాలి. నవ్వకు, రేడియో వినడానికి లైసెన్సే!

అసలు పంచాయితీ స్టాంపుల దగ్గర వచ్చింది. ఆల్బమ్ కోసమని సారు అక్కడి నుంచి ఇంటికి రాసే ప్రతి ఉత్తరం మీదా ఏరి ఏరి స్టాంపు అంటించేవారు. వాళ్ళింట్లో అమ్మగారేమో మా పిల్లల్లో ఎవరు కిరోసిను తెచ్చిపెడితే వాళ్ళకు ఆ స్టాంపు ఇచ్చేసేవారు. మేం కవరు ముక్క కత్తిరించి, నీళ్ళలో నానబెట్టి, పాత పేపరు మీద ఆరబెట్టి, బిస్కెట్ల డబ్బాలో దాచేవాళ్ళం. వాటి మీద రాణి తల ఉంది గానీ దేశం పేరు లేదు. నకిలీవేమోనని మాలో మాకు పెద్ద అనుమానం. 1840లో లోకంలో మొదట స్టాంపు వేసింది వాళ్ళే, అందుకే పేరు వేసుకోరు అని సారు చెప్పాక గానీ మాకు ధైర్యం చిక్కలేదు. ధైర్యం చిక్కాక ధర పెంచాం.

తను అంటించిన స్టాంపుల కోసం తనే మా అరుగు మీద కూర్చుని బేరమాడారు. మాకు కావలసింది ఒక్కటే: సారు దగ్గర రెండున్న నిజాం కాలపు అణా స్టాంపు. పాతికేళ్ళ పాలన పండుగకని 1937లో వేసిన నాలుగింట్లో అదొకటి. యునానీ దవాఖానా, ఉస్మానియా దవాఖానా, జూబిలీ హాల్, ఇదిగో మన యూనివర్సిటీ. ఆర్ట్స్ కాలేజీ ఇంకా తెరవకముందే యూనివర్సిటీ స్టాంపెక్కింది చూడు!

"దూరపు కొండలు నునుపంటారు కదరా, మీకు దగ్గరి కొండ మీదే మోజా?" అన్నారు సారు. డబ్బాడు రాణులను ఇచ్చి ఆ ఒక్కటీ తీసుకున్నాం. ఎవరు ఎవరిని ముంచారో ఇప్పటికీ తేలలేదు గానీ, వంతులాటలో ఆ స్టాంపు నాకు పడింది. లోపల బీరువాలో ఉంది, చాయ్ తాగాక చూపిస్తా, చేయి తుడుచుకుని ముట్టుకో.

ఇంతకీ నీకో పని చెప్తా. ఈసారి డాలస్ పోయినప్పుడు నాకొక ఉత్తరం రాయి. నాలుగు ముక్కలైనా చాలు, కానీ కవరు మీద అసలు స్టాంపు అంటించు. మిషను ముద్ర వేయించి పంపావంటే ఊరుకోను.