సున్నం బొట్ల లెక్క

1901లో బండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ తెచ్చినప్పుడు, స్త్రీలకూ ఒక చరిత్ర ఉందని తెలుగులో ఒక స్త్రీ పూనుకుని చెప్పింది. అందులో ఉన్నది రాణులు, విదుషీమణులు, ఏదో ఒక గొప్పపని చేసి పేరు తెచ్చుకున్నవాళ్లు. 1986లో స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’తో తెలంగాణ సాయుధ పోరాటంలోని ఆడవాళ్ల గొంతులు అచ్చులోకి వచ్చాయి. అన్నం మోసినవాళ్లు, తుపాకి పట్టినవాళ్లు, పసిబిడ్డల్ని వదిలి అడవికి పోయినవాళ్లు మాట్లాడారు. 2001లో ‘మహిళావరణం’ ఇంకొంతమందిని, ఈసారి ఫొటోలతో సహా, మన ముందు నిలబెట్టింది. ఈ మూడు పుస్తకాలకూ నేను రుణపడి ఉన్నాను. అయినా మూడింట్లోనూ మా నాయనమ్మ లాంటి మనిషికి చోటు దొరకదు. ఆమె పుస్తకం రాయలేదు, దళంలో చేరలేదు. దొరనెదిరించి పాలకుర్తి చాకలి ఐలమ్మలా తన పంటను తాను నిలబెట్టుకున్నదీ లేదు. మూసీ ఒడ్డున నాగోలులో ఇల్లు చూసుకుంది, బర్రెల్ని చూసుకుంది, పిల్లల్నీ మనవల్నీ పెంచింది, పోయింది.

నాగోలంటే ఇవాళ అందరికీ మెట్రో స్టేషను. 2017 నవంబరులో రైలు మొదలయ్యాక ఊరిపేరు నగరమంతటా మైకుల్లో వినిపిస్తోంది. నాయనమ్మ కాపురానికి వచ్చిననాటి నాగోలు వేరు. అప్పటికి హైదరాబాదు నిజాం రాజ్యం. బాల్య వివాహాలను అడ్డుకునే 1929 శారదా చట్టం బ్రిటిషిండియాకే గాని ఈ గడ్డకు వర్తించదు. ఆమె వయసు ఎవరూ రాసిపెట్టలేదు. మూసీ పెద్ద వరద 1908 సెప్టెంబరులో వచ్చింది కదా, అప్పటికి వాళ్లమ్మ చేతుల్లో పిల్లట, తను ఆ తర్వాత చానా ఏండ్లకు పుట్టిందట. మా ఇంట్లో తేదీలన్నీ ఇట్లాగే ఉంటాయి. రజాకార్ల నాటికి పెద్దకొడుకు ఒళ్లో ఉన్నాడు, పోలీసు చర్య నాటికి నడుస్తున్నాడు. 1948 సెప్టెంబరు 13న ఇండియా సైన్యం రాజ్యంలోకి వచ్చిన సంగతిని ఆమె ఎన్నడూ రాజకీయంగా చెప్పలేదు. ఆ నాలుగైదు రోజులూ పాలు పట్నం పోలేదు, ఇంట్లో ఉన్న కుండలన్నీ పెరుగుతో నిండిపోయాయి అని చెప్పేది. చరిత్రకారులు నవ్వుతారేమో. నాకు మాత్రం ఆ పెరుగు కుండల్లోనే ఆ వారం కనిపిస్తుంది.

ఆమె దినచర్య వివరంగా రాయాలి. ఎందుకంటే దాన్ని ఎవరూ పని అనలేదు. మొదటి కోడికి లేచేది. కొట్టంలో పేడ తీసి, సగం కళ్లాపికి, సగం పిడకలకు వేరుచేసేది. పాలు పిండి, వాడిక ఇండ్లకు పోవలసినవి తీసిపెట్టి, మిగిలినవి దాలిలో పెట్టేది. పిడకల సెగమీద పొద్దంతా కాగిన ఆ పాల మీగడ ఎర్రగా, అట్టలా కట్టేది. జొన్నలు ఇసుర్రాయిలో విసరడం, రొట్టెలు, మగవాళ్లకు సద్ది. తర్వాత మూసీకి. ఆమె కాపురానికి వచ్చిన కొత్తల్లో ఏటి ఇసకలో చెలిమె తోడి తాగే నీళ్లు తెచ్చుకునేవాళ్లు. పైన ఉస్మాన్‌సాగర్ 1920లోనూ హిమాయత్‌సాగర్ 1927లోనూ కట్టారు. పట్నం పెరిగిన కొద్దీ ఏటిలోకి దిగేది ఎక్కువగా పట్నం మురుగే అయింది. ఇప్పుడు నాగోలులో రోజుకు 172 మిలియన్ లీటర్ల మురుగును శుద్ధిచేసే కేంద్రం ఉంది. చెలిమె నుంచి అక్కడిదాకా జరిగిన మార్పును నగర చరిత్రలు ‘కాలుష్యం’ అనే ఒక్క మాటలో చెప్పేస్తాయి. ఆడవాళ్లకు మాత్రం అది నడక. ఏరు దగ్గరే ఉన్నా తాగేనీటికి ఇంకో బావికి, అక్కడ ఎండితే మరో బావికి, ఒక్కో బిందెతో ఎక్కువైన దూరం. ఆ దూరాన్ని ఎవరూ కొలవలేదు.

మురుగునీళ్లు తెచ్చిన లాభం కూడా ఉందని ఒప్పుకోవాలి. ఆ నీటితో ఏడాది పొడుగునా మూసీ పక్కన పారా గడ్డి పెరిగింది, ఆకుకూరలు పండాయి. నగరంలోని పాడి పశువులు ఆ గడ్డిమీదే బతికాయి. ఆ గడ్డి కోసినప్పుడు చేతులకూ కాళ్లకూ దురద పుట్టేది. పుండ్లు పడితే పసుపూ నూనే రాసుకుని మళ్లీ దిగేది. దాన్ని మా ఇంట్లో ‘ఓపిక’ అన్నారు. ఆమె ఓపిక గురించి ఇంట్లో ఎంత గొప్పగా చెప్పుకునేవారో, నాకు అంత అనుమానం.

ఇక పాలలెక్క. నాయనమ్మకు అక్షరం రాదు. కొట్టం లోపలి గోడమీద ఒక్కో వాడిక ఇంటికీ ఒక్కో వరుస ఉండేది. సేరుకు నిలువు గీత, అద్దసేరుకు సున్నం బొట్టు. పాలు తీసుకోని రోజుకు ఖాళీ జాగా. ఇంటివాళ్ల పేర్లకు బదులు గుర్తులు: ఒకరికి వేపకొమ్మ, ఒకరికి గడప, మాటిమాటికీ డబ్బు ఎగ్గొట్టే ఇంటికి కాకి. 1960ల మొదట్లో సేర్లు పోయి లీటర్లు వచ్చినప్పుడు ఊళ్లో చదువుకున్న మగవాళ్లు కూడా కొన్నాళ్లు తికమకపడ్డారు. ఆమె గీతకు పక్కన అడ్డగీత చేర్చి పని నడుపుకుంది. నెలాఖరుకు తాత ఆ గోడముందు నిలబడితే ఆమె చదివి చెప్పేది. పైసలు వసూలు చేసుకొచ్చేది తాత. పెట్టెలో దాచేదీ తాతే. నెయ్యి, పిడకలు అమ్మిన చిల్లర మాత్రం ఆమె రొంటిన ఉండేది. మా అత్తలకు పుట్టింటి చీరలు, నాకు పలక, మంత్రసానికి ఇవ్వవలసినవి అన్నీ ఆ రొంటిలోంచే వచ్చాయని పెద్దయ్యాక అర్థమైంది. ఆమె స్వహస్తాలతో రాసిన పత్రమంటూ ఉంటే అది ఆ గోడే. దసరాకు ముందు ప్రతి ఏడాదీ తనే దానిమీద సున్నం కొట్టేసేది.

జనాభా లెక్కలకు వచ్చిన ఉద్యోగి ఆ గోడ చూడలేదు. అరుగుమీద కూర్చుని, ఆమె ఏం పని చేస్తుందని అడిగితే, తాత “ఏం జేస్తది సార్, ఇంట్లనే ఉంటది” అన్నాడు. లోపల్నించి ఆమె కూడా ఒప్పుకున్నట్టు ఊరుకుంది. కుటుంబ పొలంలో, పాడిలో జీతం లేకుండా చేసేది కూడా పనేనని లెక్కల ప్రశ్నలో విడమరిచి రాయడానికి 1991 దాకా పట్టింది. వంట, నీళ్లు, పిల్లల పెంపకం మాత్రం అప్పుడూ బయటే ఉండిపోయాయి. 2001 లెక్కల్లో గృహిణులను భిక్షగాళ్లతో, ఖైదీలతో కలిపి పనిచేయనివాళ్లుగా చూపడాన్ని 2010లో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీం కోర్టు తప్పుపట్టింది. అంతకు ముందు, 2001లో, జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం కేసులో అదే కోర్టు గృహిణి సేవల విలువను నెలకు 3000 రూపాయలుగా కట్టింది. చనిపోతే తప్ప ఆ విలువ కట్టే అవసరం ఎవరికీ రాలేదన్నది గమనించాలి. 2019లో దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే పురుషులు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. నాయనమ్మ లెక్కలో బర్రెలు కూడా కలిపితే ఆ నిమిషాలు ఎక్కడ ఆగుతాయో!

ఆమె పోయినప్పుడు దశదినకర్మ కార్డుమీద ‘త్యాగమయి, ఆదర్శ గృహిణి’ అని అచ్చువేయించారు. అది అబద్ధం అనను. ఆమెకు ఆ ఇల్లంటే ప్రాణం. నిజానికి మాకన్నా బర్రెలంటే ఇంకా ప్రాణం. ఈనే బర్రె పక్కన రాత్రంతా కూర్చునేది గాని, మా జ్వరాలకు అంత హైరానా పడేది కాదు. ఆమె బతుకంతా పీడనే అని నేను రాస్తే, దాలి మూత తీసి మీగడ చూసుకునేటప్పుడు ఆ మొహంలో వెలిగే గర్వాన్ని కొట్టేసినట్టే. అయితే ఆ ప్రేమ మీదే తక్కిన అందరి సౌకర్యమూ నిలబడింది. త్యాగం అని పేరు పెట్టగానే బాకీ మాఫీ అయిపోయింది. “నువ్వేం జేసినవ్ నాయనమ్మా ఇన్నేండ్లు?” అని ఒకసారి అడిగితే, “ఏం జేసిన బిడ్డా, దినం వెళ్లదీసిన” అంది. ఆ మాటను వినయం అని సరిపెట్టుకోవడం నాకు చేతకాదు.

భూమి సంగతి చెప్పాలి. ఉప్పల్, నాచారం వైపు పరిశ్రమలు వచ్చి, నగరం ఇటు కదిలాక నాగోలు పొలాలు ప్లాట్లు అయ్యాయి. పహాణీలో తాత పేరు, ఆయన తర్వాత కొడుకుల పేర్లు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త వాటాలో భార్య కూడా మొదటి వరుస వారసురాలే. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె వేలిముద్ర ప్రభుత్వ కాగితం మీద పడ్డ సందర్భం నాకు తెలిసి ఒక్కటే, తనకు అభ్యంతరం లేదని చెప్పే కాగితం. సిరా అంటిన వేలిని కొంగుతో తుడుచుకుని, పాలు పిండే వేళ మించిపోతోందని తొందరపెట్టిందట. కొన్నేళ్లకు కొట్టం కూడా పోయింది. అక్కడ ఇప్పుడు నాలుగంతస్తుల ఇల్లు. ఆ గోడకు ఒక్క ఫొటో అయినా లేదు.

మా అత్తల కథ దీనికి కొనసాగింపు. ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది, కాని ఆనాటికి పెళ్లికాని వాళ్లకే. ఇద్దరత్తల పెళ్లిళ్లూ అప్పటికే అయిపోయాయి. 2005 కేంద్ర సవరణ ఆ షరతు తీసేసింది, 2020లో సుప్రీం కోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా జరిగిన అమ్మకాలను, పంపకాలను తిరగదోడటానికి లేదు. మా పొలం అమ్మకం అంతకు చాలా ముందుది. రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రం అత్తలిద్దర్నీ పిలిచి, పసుపు కుంకుమల కింద తలా ఒక చీర, జాకెట్టు గుడ్డ పెట్టారు. ఆ చీరల డబ్బు కూడా నాయనమ్మ రొంటిలోంచే తీసిందని పెద్దత్త చెప్పింది.